స్వేచ్ఛ: తెలుగు ఆపరేటింగ్ సిస్టంపై ఒక విమర్శ

చెరువు నిండినంత మాత్రాన పైరు పండదు. ఈ సంగతి అనంతపురం పీఠభూమి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో, విజయనగర రాజుల కాలంనాటి బుక్కరాయసముద్రం చెరువు వంటి వాటి కింద, నీటిని వంతుల ప్రకారం పంచే పని నీరుగంటిది. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ కాలువకు ఎంతసేపు నీరు విడువవలెను, ఎవరి మడి తడిసిన తరువాత ఎవరి మడికి మళ్లించవలెను అనేవి అతడు చూచుకొనే సంగతులు. పంపకం సరిగా లేకపోతే నిండు చెరువు కింద కూడా మడులు ఎండుతవి.

కంప్యూటరులో నీరుగంటి పని చేసేది ఆపరేటింగ్ సిస్టం. ఒకే సమయంలో ఉత్తరం టైపు చేసే ప్రోగ్రాము, బొమ్మ చూపే ప్రోగ్రాము, పాట వినిపించే ప్రోగ్రాము తమ తమ పని జరగాలని ప్రాసెసరును కోరుతవి. ఆపరేటింగ్ సిస్టం ఒక్కొక్కదానికి సెకనులో వెయ్యోవంతులు కొన్ని చొప్పున వంతు ఇస్తుంది. వంతులు అతివేగంగా తిరుగుతవి గనుక అన్నీ ఒకేసారి నడుస్తున్నట్లు కనుపిస్తుంది. మెమరీలో ఏ ప్రోగ్రాముకు ఎంత చోటు ఇవ్వవలెను, డిస్కుమీద ఏ ఫైలు ఎక్కడ ఉన్నది, మీట నొక్కితే ఆ కబురు ఎవరికి చేరవలెను - ఈ పెత్తనమంతా దానిదే.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. నీరుగంటి పంపకంలో తేడా వస్తే రైతు చెరువుకట్టమీదికి పోయి అడుగగలడు. కంప్యూటరులోని పంపకం ఏ నియమాల ప్రకారం జరుగుతున్నదో వాడుకరి చూడవచ్చునా? తప్పు కనుపిస్తే దిద్దవచ్చునా? దిద్దినదానిని పొరుగువానికి ఇవ్వవచ్చునా? డబ్బు పెట్టి కొనే విండోస్ వంటి సిస్టములలో ఈ మూడింటికీ జవాబు "కూడదు" అనే. కూడును అని చెప్పే సిస్టములను తయారుచేసి, పరీక్షించి, ఒకరికొకరు పంచుకొనే సముదాయాలు ప్రపంచమంతటా ఉన్నవి. తెలుగు నేలమీద అట్టి ప్రయత్నాలలో ముఖ్యమైనది "స్వేచ్ఛ". దాని గుణదోషాలను పాఠశాల దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోని అర్థం

1983 సెప్టెంబరు 27న అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, అందరూ స్వేచ్ఛగా వాడుకొనదగిన ఆపరేటింగ్ సిస్టం ఒకటి నిర్మించబోతున్నట్లు ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టినాడు. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, సరదాకు ఒక చిన్న సిస్టం రాస్తున్నానని తోటివారికి తెలియజేసినాడు. అదే లినక్స్. ఈ రెండూ కలిసి గ్నూ/లినక్స్ అయినవి. దానికి తమకు కావలసిన ప్రోగ్రాములు, అక్షరరూపాలు, భాషలు చేర్చి వేరు వేరు సముదాయాలు వేరు వేరు కూర్పులు వెలువరించినవి. నేడు అట్టి కూర్పులు వందలకొద్దీ ఉన్నవి.

స్టాల్‌మన్ ఉద్యమం నాలుగు స్వేచ్ఛలను కోరుతుంది: ప్రోగ్రామును ఏ పనికైనా నడపడం, అది ఎట్లా పనిచేస్తున్నదో చదివి మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన ప్రతులనుకూడా పంచడం. ఇంగ్లీషులో "ఫ్రీ" అనే ఒక్క మాటకే వెల లేనిది అనీ, కట్టుబాటు లేనిది అనీ రెండర్థాలు ఉండడంచేత ఆ భాషవారు దశాబ్దాలుగా తికమక పడుతున్నారు. తెలుగుకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదు కేంద్రంగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో బయలుదేరిన సంస్థ, తరువాత స్వేచ్ఛ అనే పేరు పెట్టుకొన్నది. తెలుగులో కనుపించే తన గ్నూ/లినక్స్ కూర్పునకూ ఆ పేరే పెట్టింది. పేరు ఎన్నుకోవడంలోనే సగం పాఠం చెప్పినదని ఒప్పుకొనవలెను.

సంస్థ ఆ ఒక్క కూర్పుతో ఆగలేదు. బడిపిల్లలకోసం "బాల స్వేచ్ఛ", ఇంజనీరింగు విద్యార్థులకోసం "ఈ-స్వేచ్ఛ" తలపెట్టింది. కళాశాలలలో గ్నూ/లినక్స్ వాడుకరుల బృందాలను ఏర్పరచి, కొత్త కూర్పులను తెచ్చి, కలిసి కూర్చుని, యంత్రాలలో ఎక్కించి, ఎదురైన చిక్కులను పంచుకొనే అలవాటును పెంచింది.

అక్షరం వెనుక శ్రమ

తెరమీద తెలుగు కనుపించడం చిన్న పని అనుకోరాదు. యూనికోడు పద్ధతిలో తెలుగుకు 128 స్థానాల గడి ఒకటి కేటాయించినారు. అందులో అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు స్థానాలు ఉన్నవి గాని, వత్తులకు విడిగా స్థానాలు లేవు. "స్త్రీ" అనే మాటను తీసుకొనవచ్చును. చూపునకు అది ఒక్క అక్షరం. యంత్రంలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు చొప్పున 18 బైట్లు పట్టుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ఈ ఆరింటినీ చదివి, తవత్తు ఎక్కడ, రవత్తు ఎక్కడ, గుడిదీర్ఘం ఎక్కడ నిలువవలెనో లెక్కగట్టి తెరమీద కూర్చే ప్రోగ్రాము కావలెను. ఆ రూపాలన్నీ ఉన్న అక్షరరూపం, అనగా ఫాంటు, కావలెను.

ఈ రంగంలో తిరుమల కృష్ణ దేశికాచార్య కృషి స్మరించదగినది. ఆయన రూపొందించిన పోతన 2000, వేమన 2000 అక్షరరూపాలు స్వేచ్ఛా అనుమతితో వెలువడినవి గనుక, ఏ కూర్పువారైనా వాటిని అడుగకుండానే చేర్చుకోగలిగినారు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పేరు ఈ విధంగా ప్రపంచమంతటి లినక్స్ యంత్రాలకు అందుబాటులో ఉన్నది.

ఈ పనిలో ఒక విశేషం గమనించదగినది. వత్తు తప్పుచోట పడితే హెల్సింకిలోని ప్రోగ్రామరుకు అది తప్పని తెలియదు. ఎంతటి నిపుణుడైనా అతని కంటికి అది ఏదో గీత. ఉరవకొండ ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థి మాత్రం చూచినవెంటనే పట్టుకొంటాడు. తెలుగు ఆపరేటింగ్ సిస్టమునకు పరీక్షకుడుగా ఉండదగిన అర్హత అతనికి పుట్టుకతో వచ్చింది. స్వేచ్ఛ వంటి సముదాయాల విలువను కొలువవలసిన కొలబద్ద ఇదే: ఆ విద్యార్థి చూచిన తప్పు, దానిని దిద్దగల చేతికి చేరుతున్నదా?

మాటల మంచిచెడ్డలు

కూర్పును తెలుగుచేసినవారు ముందుగా ఎదుర్కొన్నది పదాల సమస్య. ఫైలుకు "దస్త్రం" అన్నారు. ఇది మంచి ఎన్నిక. గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయినది గాని, దస్త్రం అనే మాట రాయలసీమ పల్లెలలో పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. కట్టగట్టి దాచిన కాగితాలు అనే అర్థం తెలిసినవానికి ఫైలు అంటే ఏమిటో సగం తెలిసినట్లే. పాస్‌వర్డుకు "సంకేతపదం" అన్నారు. కొత్త మాటే ఐనా విడదీస్తే అర్థం బయటపడుతుంది.

ఫోల్డరుకు వాడిన "సంచయం" ఇంత అదృష్టవంతమైన మాట కాదు. పోగు అని దాని అర్థం. పిల్లవానికి అది సంచివలె వినిపిస్తుంది. చిత్రమేమంటే, ఆ పొరపాటు అర్థమే అసలు వస్తువునకు దగ్గరగా ఉన్నది. కాగితాలు వేసుకొనేది సంచి గాని పోగు కాదు గదా! బ్రౌజరుకు వాడుకలోకి తెచ్చిన "విహారిణి" చెవికి ఇంపుగా ఉన్నది గాని, అది చేసే పని ఏమిటో చెప్పదు. బ్రౌజరు అనే మాటనే బడిలో అందరూ వాడుతున్నప్పుడు దానిని తెలుగు లిపిలో ఉంచితే పోయేదేమీ లేదు. రైలు, బస్సు, పెన్ను ఆ దారినే తెలుగు మాటలైనవి.

ఒక మాట బాగుండకపోవడంకంటె పెద్ద దోషం, ఒకే వస్తువునకు రెండు మూడు మాటలు ఉండడం. ఒక ప్రోగ్రాములో "అమరికలు" అని ఉన్నది మరొకదానిలో "సెట్టింగులు" అవుతుంది. ఒకచోట "భద్రపరచు" అన్నది ఇంకొకచోట "దాచు" అవుతుంది. ప్రోగ్రాములను వేరు వేరు బృందాలు అనువదించడమే దీనికి కారణం. భౌతికశాస్త్ర పాఠంలో ఒక పుటలో వేగం అనీ, మరొక పుటలో వడి అనీ విచక్షణ లేకుండా రాస్తే ఉపాధ్యాయుడు ఊరకుంటాడా? తెరమీది పాఠానికి అదే నియమం వర్తిస్తుంది.

మూడవ దోషం మరింత లోతైనది. తెలుగు సాధారణంగా మొదటి తెరమీద నిండుగా ఉండి, లోపలికి పోయినకొద్దీ పలుచబడుతుంది. మెనూలు తెలుగులో ఉంటవి. ఏదైనా చెడినప్పుడు వచ్చే హెచ్చరిక ఇంగ్లీషులో వస్తుంది. యంత్రం లేచేటప్పుడు పరుగెత్తే వరుసలు ఇంగ్లీషువే. అనగా అంతా సవ్యంగా ఉన్నంతసేపు తెలుగు, సహాయం అవసరమైన క్షణాన ఇంగ్లీషు. వాకిట్లో తోరణం కట్టి వంటింట్లో పొయ్యి వెలిగించని పెండ్లివంటిదిది. నూరు మెనూ మాటలను అనువదించడంకంటె, తరచుగా ఎదురయ్యే ఇరవై చిక్కులను తేలిక తెలుగులో వివరించి చేర్చడం పిల్లలకు ఎక్కువ ఉపకారం.

రెండు పోలికలు

స్వేచ్ఛ సాధించినదీ సాధించనిదీ తెలుసుకొనడానికి రెండు ఇతర ప్రయత్నాలతో పోల్చిచూడవచ్చును.

స్పెయిను దేశపు పడమటి అంచున, పోర్చుగలును ఆనుకొని ఎస్ట్రమదూర అనే ప్రాంతం ఉన్నది. వేసవిలో ఎండిపోయే మెట్టనేల, ఆ దేశంలోని పేద ప్రాంతాలలో ఒకటి. 2002లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం డెబియన్ అనే కూర్పు ఆధారంగా లినెక్స్ అనే సొంత కూర్పు తయారుచేయించి, ఉన్నత పాఠశాలలలో ఇద్దరు విద్యార్థులకు ఒక కంప్యూటరు చొప్పున ఏర్పాటుచేసింది. ప్రోగ్రాములకు ఆ సీమలో పుట్టిన ప్రముఖుల పేర్లు పెట్టినారు. బొమ్మలు దిద్దే ప్రోగ్రాముకు 17వ శతాబ్ది చిత్రకారుడు సుర్బరాన్ పేరు పెట్టినారు. ఆనాడు ప్రపంచం దానిని మెచ్చుకొన్నది. కాని 2010 దశకంలో ప్రభుత్వపు పూనిక సడలగానే కూర్పు ఆగిపోయింది. పైనుండి వచ్చిన నీరు, పైన కట్టగానే నిలిచిపోయింది.

కేరళ అనుభవం వేరు. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం ఆరంభమైనది. పథకం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మళ్లి, బడులకోసం మలయాళంతో కూడిన సొంత గ్నూ/లినక్స్ కూర్పు వెలువరించింది. 2017లో ఆ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారి పని సాగిస్తున్నది. అక్కడకూడా ప్రభుత్వం డబ్బు పెట్టింది. తేడా ఏమంటే, శిక్షణ ఇచ్చేవారుగా బడి ఉపాధ్యాయులనే తీర్చిదిద్దినారు. కొత్త కూర్పు రాగానే ఎక్కించి, నడిపి, చెడితే బాగుచేసి, లోపం చెప్పగల మనిషి బడిలోనే ఉన్నాడు.

ఈ రెండింటి నడుమ స్వేచ్ఛ స్థానం ఎక్కడ? ప్రభుత్వపు పూనికమీద ఆధారపడక, స్వచ్ఛందంగా పనిచేసే యువకులవలన సాగడం దాని గొప్ప. ఆ కారణంచేతనే లినెక్స్‌కు పట్టిన గతి దానికి పట్టలేదు. అయితే దాని వేళ్లు ఇంజనీరింగు కళాశాలలలో పాకినంతగా ఉన్నత పాఠశాలలలో పాకలేదు. ఇంజనీరింగు విద్యార్థి నాలుగేండ్లు చదివి ఉద్యోగానికి పోతాడు. అతనితో అతని నేర్పు కూడా పోతుంది. ఉపాధ్యాయుడు పదేండ్లు, ఇరవై ఏండ్లు ఆ పరిసరాలలోనే ఉంటాడు. కేరళ పట్టుకొన్న రహస్యం ఇది. అనంతపురంలో 1946లో ఆరంభమై 2008లో విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అటువంటి విద్యాలయానికీ, మడకశిర, రాయదుర్గం ప్రాంతపు బడులకూ మధ్య ఈ విద్య నడిచే కాలువ తవ్వవలసి ఉన్నది.

ఇప్పుడే ఎందుకు

ఈ చర్చకు తొందర కలిగించే సంగతి ఒకటి ఉన్నది. విండోస్ 10కు తయారీదారు ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంతలు పూడ్చే దిద్దుబాట్లు ఆగినప్పుడు, అంతర్జాలానికి కలిపిన యంత్రం కన్నం పడిన ఇల్లువంటిదవుతుంది. విండోస్ 11 నడవడానికి కనీసం 4 గిగాబైట్ల మెమరీ, టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు కావలెను. ఇవి లేని పాత యంత్రాలను చెత్తలో వేయవలసిందేనా? అక్కరలేదు. 2 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంమీద కూడా తేలికపాటి తెరతో గ్నూ/లినక్స్ కూర్పులు నడుస్తవి. కొత్త కంప్యూటరు కొనడం సులభం కాని బడికి ఇది చిన్న విషయం కాదు.

ఉద్యోగాలన్నీ విండోసుమీద ఉన్నప్పుడు ఈ చదువు ఎందుకు అని తల్లిదండ్రులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నే. కార్యాలయాల బల్లలమీద విండోస్ ఎక్కువగా ఉన్న మాట నిజం. కాని ఆ పిల్లవాని ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని కడుపులో ఉన్న కెర్నెలు లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబరు నుండి అన్నీ లినక్సుమీదనే నడుస్తున్నవి. ఫైలు దాచడం, పట్టిక వేయడం, ప్రోగ్రాము రాయడం ఒక సిస్టంమీద నేర్చినవాడు రెండవదానిమీద కొద్దిరోజులలో చేయగలడు. రెండింటినీ చూచినవానికి ఆపరేటింగ్ సిస్టం అనేది విండోసుకు మరొక పేరు కాదని కూడా తెలుస్తుంది.

బడిలో చేయదగిన ప్రయోగం

గ్నూ/లినక్స్ కూర్పులను చాలావరకు ఎక్కించకుండానే పరీక్షించవచ్చును. కూర్పును పెన్‌డ్రైవుమీదికి దింపి, యంత్రాన్ని దానినుండి లేపితే, సిస్టం మెమరీలో నడుస్తుంది. డిస్కుమీది పాత ఫైళ్ల జోలికి అది తనంతట తాను పోదు. యంత్రాన్ని ఆపి పెన్‌డ్రైవు తీసివేస్తే అంతా యథాస్థితి. డిస్కుమీద ఎక్కించదలచినప్పుడు మాత్రం ముందుగా ఫైళ్లకు నకళ్లు తీసుకొనడం తప్పనిసరి.

ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లో, ఒక బడి దింపుకొన్న ప్రతిని పది బళ్లు పంచుకొనవచ్చును. అట్లా పంచడం అనుమతికి లోబడినదే గాని దొంగతనం కాదు. చేతులు మారిన ప్రతి చెడలేదని తెలుసుకొనడానికి సరిచూపు సంఖ్య ఉన్నది. కూర్పు ఫైలుమీద షా-256 అనే లెక్క చేస్తే 64 గుర్తుల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. తయారుచేసినవారు ప్రకటించిన వరుసతో అది సరిపోతే ప్రతి నిక్కమైనది. గణితం తరగతిలో చూపదగిన ప్రయోగమిది.

వేరుసెనగ రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు. వేరుసెనగ ప్రధానంగా స్వపరాగ సంపర్కపు పంట గనుక, కాయ ఎత్తి దాచి తిరిగి విత్తినా గుణం నిలుస్తుంది. 1940లో తిండివనంలో వెలువడిన టీఎంవీ-2 రకం దశాబ్దాలపాటు ఈ సీమలో నిలవడానికి, విత్తనం ఇట్లా దాచి పంచుకొనే వీలుకూడ తోడ్పడింది. అయితే కల్తీ ఏరని విత్తనం క్రమంగా చెడుతుంది. దిద్దుబాట్లు అందని కూర్పు కూడా అంతే. పంచడంతో పని పూర్తికాదు, ఏటేటా ఏరవలెను.

ఆ ఏరే పనిలో విద్యార్థికి భాగం ఇవ్వవచ్చును. తరగతిని జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క కూర్పును వారంపాటు నడిపి, లోపాల చిట్టా రాయవచ్చును. లోపం రాయడానికి ఒక పద్ధతి ఉన్నది: ఏ కూర్పు, ఎన్నవ సంచిక; ఏమి చేసినారు; ఏమి జరుగుతుందనుకొన్నారు; ఏమి జరిగింది; మళ్లీ చేస్తే మళ్లీ అట్లాగే జరిగిందా. ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాయగల విద్యార్థి, రసాయన ప్రయోగశాలలో కూడా పరిశీలన రాయగలడు. "కంప్యూటరు పనిచేయలేదు" అని రాసినవాడు ఇంకా నేర్చుకొనవలసి ఉన్నది.

చిట్టా బడిలోనే ఉండిపోతే ప్రయోజనం సగమే. అది స్వేచ్ఛ వంటి సముదాయానికి తెలుగులోనే అందే మార్గం, అందిన తరువాత ఏమైనదో బడికి తెలిసే మార్గం ఉండవలెను. ఇరవై ఏండ్ల క్రితం తెలుగు తెరమీద కనుపించడమే విజయం. ఆ విజయాన్ని స్వేచ్ఛ, దానివంటి సముదాయాలు సాధించినవి. నేటి పరీక్ష వేరు. పీఠభూమిలోని ఒక బడిపిల్ల తవత్తు తప్పుచోట పడిందని రాసి పంపితే, మరుసటి కూర్పులో అది సరిగా కనుపించవలెను. ఆ రోజున ఆ సిస్టం పేరులోని స్వేచ్ఛ ఆ పిల్లదీ అవుతుంది.